మాగాణి మినుములో మందుకి చావని కలుపు, ఇంట్లో గేదెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తెనాలి దగ్గర ఊరు. నాలుగెకరాల మాగాణి, ఐదు గేదెలు, రెండు దూడలు. వరి పోగానే మినుము, మినుము పోగానే పొలంలోకి గేదెలు, మళ్ళీ కాలవ వదిలేదాకా అంతే. మూడేళ్ళ కిందట ఊద గడ్డి మందు కొట్టినా చావకుండా మినుము మీదకి లేచిపోయింది. రెండోసారి కొట్టాను, అప్పుడూ చావలేదు. ఆ ఏడు మినుముకి పెట్టిన ఖర్చు కూడా రాలేదు. అప్పటినుంచి దీని వెంటపడి చదివాను, గుంటూరు దగ్గర లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) వెళ్ళి అడిగాను, పొలంలో చేసి చూశాను. మా చుట్టుపక్కల రైతులు, బంధువులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మందు కొట్టినా కలుపు చావలేదు. అంటే మొండి కలుపు అయిపోయినట్టేనా?

తొందరపడొద్దు. చావని ప్రతి గడ్డీ మొండిది కాదు. ముందు ఎలా కొట్టామో చూసుకోవాలి. చావని గడ్డి గీత గీసినట్టు బారుగా నిలబడిందంటే అది నాజిల్ తప్పో, కొట్టే మనిషి వదిలేసిన సాలో. గడ్డి మూడు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాల్సిన మందుని జానెడు ఎదిగి పిలకలు వేశాక కొడితే సగమే పనిచేస్తుంది. నేల బాగా ఆరిపోయి గడ్డి వాడుమొహం వేసినప్పుడు కొట్టినా అంతే. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు పోయాల్సింది ఆరు ట్యాంకులతో ముగించినా, బురద నీళ్ళు కలిపినా మందుని తప్పు పట్టలేం.

ఇవన్నీ సరిగ్గా చేశాక కూడా ఒకే జాతి గడ్డిలో ఒక మొక్క చచ్చి, దాన్ని ఆనుకునే ఉన్న ఇంకోటి పచ్చగా ఉంటే అప్పుడు అనుమానించాలి. మిగతా గడ్డి జాతులన్నీ చచ్చి ఒక్క ఊదే మిగిలితే ఇంకా అనుమానించాలి. పోయినేడు మంచమంత మేర ఉన్నది ఈ ఏడు రెండు సెంట్లు అయితే మాత్రం ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంకో గుర్తు ఉంది, నాకు బాగా పనికొచ్చింది. క్విజలోఫాప్ లాంటి గడ్డి మందు కొట్టిన వారం పది రోజులకి ఊద మొక్క నడిమి ఆకుని రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగండి. మందు పట్టిన మొక్కయితే పైకి ఇంకా పచ్చగా కనపడుతున్నా ఆ సుడి ఆకు ఊడి చేతిలోకి వచ్చేస్తుంది, అడుగున గోధుమరంగులో కుళ్ళి ఉంటుంది. మొండి మొక్కకి సుడి కదలదు, లాగితే ఆకు తెగుతుంది. ఈ మందులు నిదానంగా పనిచేస్తాయి, పూర్తిగా ఎండటానికి రెండు మూడు వారాలు పడుతుంది. చాలామంది అయిదో రోజుకే టెన్షన్ పడి రెండో మందు కొట్టేస్తున్నారు.

కలుపు మందుకి "అలవాటు పడుతుంది" అంటారు, నిజమేనా?

మనిషికి కల్లు అలవాటైనట్టు ఒక మొక్కకి మందు అలవాటు కాదు. లక్షల మొక్కల్లో ఎక్కడో ఒకటి రెండు పుట్టుకతోనే ఆ మందుని తట్టుకునేవి ఉంటాయి. మనం కొట్టిన మందుకి మిగతావన్నీ చచ్చి ఆ ఒక్కటే బతికి గింజ రాలుస్తుంది. ఊద మొక్క ఒక్కటే వేల గింజలు రాలుస్తుంది. మరుసటేడు అదే మందు, అదే కథ. నాలుగైదేళ్ళకి చేనంతా దాని పిల్లలే. అంటే మందు కలుపుని మార్చలేదు, చచ్చేవాటిని ఏరేసి చావనివాటికి చోటు ఇచ్చింది. ఈ మాట బాగా పట్టించుకోండి, ఎందుకంటే పరిష్కారం అంతా ఇందులోనే ఉంది: బతికినదాన్ని గింజ పడనివ్వకపోవడం.

హర్యానా, పంజాబ్ గోధుమ రైతులకి 1990ల మొదట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఐసోప్రొట్యూరాన్ అనే ఒక్క మందు మీదే ఏళ్ళ తరబడి ఆధారపడ్డారు, గోధుమలో వచ్చే గుల్లి డండా గడ్డి దానికి లొంగడం మానేసింది. కొన్నిచోట్ల కలుపు ఎంత ముదిరిందంటే గోధుమని పచ్చిగానే కోసి పశువులకి వేసేశారు. తర్వాత కొత్త మందులు వచ్చాయి, కొన్నేళ్ళకి వాటికీ లొంగనిది తయారైంది.

నేను ప్రతి ఏడూ వేరే మందే కొడుతున్నాను కదా, అయినా ఎందుకిలా?

నేనూ ఇదే అన్నాను. నాలుగేళ్ళలో నాలుగు సీసాలు మార్చాను. ఒక్కో సీసా మీద ఒక్కో బొమ్మ, ఒక్కో పేరు. అమ్మినతను ప్రతిసారీ "ఇది కొత్తదండి, పోయినసారి దానికంటే గట్టిది" అనే ఇచ్చాడు. గడ్డి చావని ఏడు ఆ ఖాళీ సీసాలన్నీ పశువుల కొట్టం చూరులోంచి తీసి వరసగా పెట్టి, మూతకి కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివాను. క్విజలోఫాప్ ఇథైల్, ఫెనాక్సాప్రాప్, ప్రొపాక్విజాఫాప్, మళ్ళీ క్విజలోఫాప్. మూడింటి పేరులో "ఫాప్", ఒకదానికి చివర "ప్రాప్", అదీ ఫాప్‌ల కుటుంబమే. నాలుగూ గడ్డి మొక్కలో ఒకేచోట దెబ్బ కొట్టే మందులు. నేను మార్చింది సీసానే, మందుని కాదు.

కాబట్టి పేరు కాదు, గ్రూపు చూడాలి. ప్రపంచమంతా కలుపు మందులకి అవి పనిచేసే తీరుని బట్టి గ్రూపు నంబర్లు ఇచ్చారు. మన మినుముకి కావాల్సినంత వరకు రాస్తాను:

ఫాప్‌లన్నీ 1వ గ్రూపు, గడ్డి జాతినే చంపుతాయి. ఇమజితాపిర్ 2వ గ్రూపు. వరి పనలు తీయగానే ఇసుకలో కలిపి చల్లే పెండిమిథాలిన్ 3వ గ్రూపు. ఎసిఫ్లోర్ఫెన్ 14వ గ్రూపు, వెడల్పాకుల మీద పనిచేస్తుంది. ఇది మనకి క్లోడినాఫాప్‌తో కలిపిన సీసాలో దొరుకుతుంది. దాన్ని కొడితే రెండు గ్రూపులు కొట్టినట్టే గానీ, ఊద మీద పనిచేసేది ముఖ్యంగా అందులోని ఫాపే. ఫాప్‌కి చావని ఊద ఉంటే ఈ రెండు కలిసిన మందు కూడా మిమ్మల్ని కాపాడదు.

వరిలో కొట్టిన మందుకీ మినుముకీ ఏం సంబంధం?

నా దృష్టిలో మన ప్రాంతానికి అసలు ప్రశ్న ఇదే, దీన్నే ఎవరూ అడగరు. మనం వరి ఖర్చు వేరే, మినుము ఖర్చు వేరే రాసుకుంటాం. కానీ ఊద గింజ ఉన్నది అదే మట్టిలో. దానికి వరి, మినుము తేడా లేదు.

వరిలో మనం ఊదకి కొట్టేవి చూడండి. సైహాలోఫాప్ బ్యుటైల్, ఫెనాక్సాప్రాప్: ఇవి 1వ గ్రూపు. బిస్‌పైరిబాక్ సోడియం: 2వ గ్రూపు. తర్వాత మినుములో కొట్టేవి: ఫాప్‌లు 1వ గ్రూపు, ఇమజితాపిర్ 2వ గ్రూపు. అంటే ఏడాదిలో ఒకే చేలో ఒకే గడ్డి మీద అవే రెండు గ్రూపులు రెండేసి సార్లు, కొందరు మూడు సార్లు కొడుతున్నారు. వెద పెట్టేవాళ్ళకి నాట్లు వేసేవాళ్ళకంటే ఊద ఎక్కువ వస్తుంది, మందూ ఎక్కువ పడుతుంది. ఇంతగా ఒకేచోట కొడుతుంటే పదేళ్ళలో రావాల్సిన మొండితనం అయిదేళ్ళలో వస్తుంది.

ఏం చేయాలంటే, రెండు పంటలకీ కలిపి ఒకే లెక్క పెట్టుకోవాలి. వరిలో ఫాప్ వాడితే ఆ ఏడు మినుములో ఫాప్ మీద మాత్రమే ఆధారపడకూడదు. వరి నాటగానే వేసే ప్రెటిలాక్లోర్ లాంటివి వేరే గ్రూపు, వాటిని సరిగ్గా వాడుకుంటే తర్వాత కొట్టే అవసరం తగ్గుతుంది. నాటిన మొదటి నెల పొలంలో నీళ్ళు ఆరనివ్వకుండా పలచగా నిలబెడితే సన్న ఊద మొలకెత్తడమే తగ్గిపోతుంది. ఆ నీళ్ళకి మించిన గడ్డి మందు లేదు, కాలవ చివరి ఆయకట్టు వాళ్ళకి అది అందదన్న బాధ తప్ప.

డోసు పెంచి కొడితే చావదా?

వద్దు. మినుములో ఎకరానికి క్విజలోఫాప్ 5 శాతం మందు 400 మి.లీ., ఫెనాక్సాప్రాప్ 9 శాతం 250 మి.లీ., ప్రొపాక్విజాఫాప్ 10 శాతం 250 మి.లీ., ఇమజితాపిర్ 10 శాతం 200 మి.లీ., ఇవీ సిఫార్సులు. మందు తగలాల్సిన చోటే మారిపోయిన మొక్కకి రెట్టింపు కొట్టినా తగలదు. పైగా ఇమజితాపిర్ ఎక్కువైతే మినుమే పసుపెక్కి గిడసబారి ఆగిపోతుంది. తగ్గించి కొట్టడం కూడా అంతే చెడ్డది. చావకుండా కొనప్రాణంతో మిగిలినవి గింజకట్టి, తర్వాతి తరం ఇంకాస్త తట్టుకునేది అవుతుంది. నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. కొన్ని మందులు కలిస్తే ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుంది, ముఖ్యంగా గడ్డి మందులకి ఈ ఇబ్బంది ఎక్కువ.

మొండిదో కాదో ఇంట్లో తేల్చుకోవచ్చా?

తేల్చుకోవచ్చు, ఖర్చు వంద రూపాయలు కూడా కాదు. ఫిబ్రవరిలో చావకుండా మిగిలిన ఊద కంకుల్ని గింజ ముదిరాక కోసి కాగితం కవర్లో పెట్టండి. ఎప్పుడూ మందు తగలని చోటు నుంచి, అంటే కాలవ గట్టు నుంచో దేవుడి మాన్యం బీడు నుంచో, అదే ఊద గింజ ఇంకో కవర్లోకి తీయండి. కొత్త గింజ వెంటనే మొలవదు, మే నెల దాకా పొడిగా ఉంచండి. తర్వాత నాలుగు నారు ట్రేలు, లేకపోతే పగిలిన బక్కెట్లు. రెండింట్లో అనుమానపు గింజ, రెండింట్లో మంచి గింజ. మూడాకులు వచ్చాక ఒక్కో రకంలో ఒకదానికి లీటరు నీళ్ళకి 2 మి.లీ. క్విజలోఫాప్ కలిపి చేతి స్ప్రేయర్‌తో తడపండి, రెండోదానికి ఉత్త నీళ్ళు. మూడు వారాలు చూడండి.

మా పెరట్లో ఇరవై ఒకటో రోజుకి గట్టు గింజ ట్రే మొత్తం గడ్డిపరకల్లా ఎండిపోయింది. మా చేలో గింజ ట్రేలో సగానికి పైగా నిలబడి కొత్తాకు వేశాయి. ఆ ట్రే చూశాక మా నాన్న కూడా ఇక మందు షాపుకి వెళ్ళమనలేదు. ట్రేల్లో మిగిలినవి గింజకట్టకముందే పీకి కాల్చేయండి, పెరడు పొలం అవుతుంది లేకపోతే. మాగాణి మినుముకి, కలుపుకి లాం ఫారంలో చూసే శాస్త్రవేత్తలుంటారు. ట్రే పట్టుకెళ్ళి చూపిస్తే ఉత్త మాటల కంటే త్వరగా అర్థమవుతుంది.

గేదెల్ని మేపితే కలుపు తగ్గుతుందా, పెరుగుతుందా?

రెండూ. ఎప్పుడు మేపారన్న దాన్ని బట్టి.

ఊద గేదెలకి మంచి మేత, ఇష్టంగా తింటాయి. కంకి పడకముందు మేపితే అదే కలుపు తీత, కూలీ ఖర్చు లేని కలుపు తీత. కంకి వేసి గింజ ముదిరాక మేపితే మాత్రం గింజ కడుపులోకి వెళ్తుంది, కొంత నమిలి నలిగిపోతుంది, కొంత చెక్కుచెదరకుండా పేడలో బయటికి వస్తుంది. తొలకరి పడ్డాక గట్టు మీద ఎండిన పేడకడి దగ్గర వంగి చూడండి. కడి పగిలిన చోట చుట్టూ గుండ్రంగా, ఎవరో నారు పోసినట్టు ఊద మొలకలు ఉంటాయి. ఆ ఒక్క కడి చుట్టూ నేను ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

మినుము పీకేశాక మార్చిలో పొలంలోకి వదులుతాం కదా, అక్కడ నేను చేసే మార్పు ఇది: మొండి ఊద ఉన్న మడిలోకి గేదెల్ని మొట్టమొదట, ఆలస్యం చేయకుండా తోలుతాను. పచ్చి తేమ ఉన్నంతకాలం ఊద మళ్ళీ మళ్ళీ చిగురేసి కురచగానే కంకి వేయాలని చూస్తుంది, వారం పది రోజులకోసారి ఆ మడిలోకే తిప్పుతాను. ఒకవేళ ఆలస్యమై గింజ పడితే ఆ మడి మేపను. కొడవలితో కంకులు కోసి గోనెలో వేసి బయటికి తెచ్చి కాలుస్తాను.

గింజ ఉన్న గడ్డి మేసిన గేదెని వెంటనే శుభ్రమైన మడిలోకి తోలకూడదు. తిన్న గింజ చాలావరకు బయటికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అన్నాళ్ళూ కొట్టంలో కట్టేసి ఎండుగడ్డి వేయండి. ఆ మూడు రోజుల పేడ విడిగా పోగు పెట్టండి. కష్టమే, కానీ ఒకసారి శుభ్రమైన మడిని పాడుచేసుకుంటే దాన్ని బాగుచేసుకోవడం అంతకన్నా కష్టం.

మినప పొట్టు గురించి కూడా: నూర్పిడి అయ్యాక వచ్చే పొట్టులో కలుపు గింజలు బోలెడు ఉంటాయి. మొండి ఊద మడి పొట్టు విడిగా పెట్టి జల్లెడ పట్టి వేయండి, జల్లెడ కింద పడ్డది కాల్చేయండి.

పెంట పోగు సంగతి?

మనలో చాలామంది పెంట పోగు ఏడాదంతా పోసి వేసవిలో ట్రాక్టర్‌తో తోలేస్తాం, తిప్పడం అనేది లేదు. పోగు మధ్యలో వేడి పుట్టి గింజలు చస్తాయి గానీ అంచుల్లో చావవు. పోగు లోపల 55, 60 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిస్తే చాలా కలుపు గింజలు మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి. అందుకని తడి సరిచూస్తూ మూడుసార్లు తిప్పాలి, ప్రతిసారీ అంచుది లోపలికి పోవాలి. మధ్యలోకి ఇనప చువ్వ గుచ్చి పది నిమిషాలాగి తీసి పట్టుకోండి. చెయ్యి ఆనించి ఉంచలేనంత కాలితే పోగు పనిచేస్తోంది. గోరువెచ్చగా ఉంటే తిప్పి నీళ్ళు చల్లండి.

గొర్రెల మంద కట్టించుకోవచ్చా?

ఎరువుకి మంద కంటే మంచిది లేదు, మా తాత కాలం నుంచీ కట్టిస్తున్నాం. కానీ మంద నిన్నటిదాకా ఎక్కడ మేసిందో అడగండి. బంగారు తీగ (మినుముని చుట్టుకుని బతికే పసుపు తీగ కలుపు) పట్టిన మినుము చేలలో మేసి వచ్చిన మంద అయితే రెండు మూడు రోజులు బీట్లో నిలిపాకే పొలంలోకి రానివ్వండి. కాపరులు ఒప్పుకుంటారు, ముందే చెప్పాలంతే.

బంగారు తీగకి కూడా ఇదేనా?

బంగారు తీగ వేరే జాతి శత్రువు. అది మొండి కలుపు కాదు, దాని స్వభావమే అది: ఆకు లేదు, వేరు లేదు, మినుము కాడకి చుట్టుకుని దాని రసం తాగి బతుకుతుంది. మినుము మీద బతికేదాన్ని మినుముని చంపకుండా చంపడం ఏ మందుకైనా కష్టం. దాని గింజకి గట్టి పెంకు, మట్టిలో పదేళ్ళ పైన బతుకుతుంది, పశువు కడుపులోంచి కూడా బతికి వస్తుంది. అందుకే పూత పూసిన తీగని పశువులకి వేయొద్దు, పెంట పోగులో అసలే వేయొద్దు.

విత్తనం దగ్గరే సగం యుద్ధం. తీగ గింజ మినుము కంటే చాలా చిన్నది, జల్లెడలో కిందపడిపోతుంది. తీగ ఉన్న చేలో విత్తనం వాడకపోవడం ఇంకా మంచిది. వరి పనలు తీసిన వెంటనే పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరానికి లీటరు నుంచి లీటరున్నర, 20 కిలోల పొడి ఇసుకలో కలిపి చల్లితే చాలావరకు తగ్గుతుంది. తర్వాత చేలో పసుపు దారాలు కనిపించిన చోట మినుముతో సహా పీకి, మూటకట్టి గట్టు మీదకి తెచ్చి కాల్చాలి. పీకినదాన్ని ఈడ్చుకుంటూ రావొద్దు, తెగిన ముక్క పక్క మొక్కని పట్టుకుంటే మళ్ళీ బతుకుతుంది. రెండు సెంట్ల మినుము పోతుందని గుండె తరుక్కుపోతుంది, నాకూ పోయింది. పీకనివాళ్ళకి తర్వాతి ఏడు అరెకరం పోయింది.

మందు కొట్టిన చేలో గడ్డి కోసి గేదెలకి వేయొచ్చా?

వేయొద్దు. మందు కొట్టిన పొలంలో ఎన్నాళ్ళు మేపకూడదో సీసాతో వచ్చే కాగితం మీద చూడండి, కాగితం లేకపోతే ఆ పంట కాలమంతా వేయకపోవడమే మంచిది. పాలు మన పిల్లలే తాగుతారు. పొలం గట్ల మీద పారాక్వాట్ కొట్టే ఊళ్ళు ఉన్నాయి. మనిషి మింగితే దానికి విరుగుడు లేదు, పశువుకీ అంతే ప్రమాదం. గట్టు మీద గడ్డి గేదెలకి కావాలనుకునేవాళ్ళు గట్టుకి ఏ మందూ కొట్టకండి, కొడవలి చాలు.

ఇంకో జాగ్రత్త: మరుల మాతంగి (ముళ్ళ కాయల కలుపు) మొలకలు, రెండాకుల మీద ఉన్నప్పుడు, మందు తగలకపోయినా విషమే. మందు కొట్టి వాడిపోయిన కలుపుని పశువులు మామూలప్పుడు ముట్టనిది కూడా తినేస్తాయి. పశువు నురగ కక్కి తూలుతుంటే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి, ఏం మేసిందో, ఏ మందు కొట్టారో చెప్పండి, సీసా చేతిలో పట్టుకోండి.

ఆ మడిలో మినుము మానేసి ఏం వేయాలి?

ఒక ఏడు, కుదిరితే రెండేళ్ళు, ముదిరిన మడి వరకు మార్చండి. పొలమంతా మార్చక్కర్లేదు.

మా వైపు వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేయడం బాగా నడుస్తోంది. వీటి మీద బంగారు తీగ బతకదు. మొక్కజొన్నలో అట్రజిన్ వాడతాం, అది 5వ గ్రూపు, మన ఊద అంతగా చూడనిది. సాళ్ళ మధ్య మనిషి దిగి కలుపు తీయడానికీ వీలుంటుంది. చొప్ప గేదెలకి సరిపోతుంది.

జొన్న వేసినవాళ్ళు ఒకటి మర్చిపోవద్దు. కోసిన మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకల్లో విషం ఉంటుంది, వాడిపోయినప్పుడు ఇంకా ఎక్కువ. నిలబడి మేస్తున్న గేదె గంటలో పడిపోవడం మా ఊళ్ళో చూశాను. జొన్న మోళ్ళున్న మడిలోకి పశువుల్ని తోలకండి.

నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం పాత పద్ధతే, జనుము. కృష్ణా డెల్టాలో మన పెద్దవాళ్ళు వరి చేలో మినుము చల్లినట్టే జనుము, పిల్లిపెసర చల్లేవాళ్ళు, గేదెల మేతకి. జనుము ఒత్తుగా చల్లితే త్వరగా ఎత్తుగా లేచి కింద ఊదకి ఎండ తగలనివ్వదు. పూతకి వచ్చేటప్పుడు కోసేస్తాం, దాంతోపాటు కింద సన్నగా లేచిన ఊద కూడా కంకి పడకముందే కోతలో పోతుంది. ఆరబెట్టి వరిగడ్డితో వరసలుగా వేసి వామి పెడితే వేసవంతా గేదెలకి పప్పుజాతి మేత. పోయినేడు ఎకరం ముదిరిన మడిలో ఇదే చేశాను. డబ్బు రాలేదు, నిజమే. దాణా ఖర్చు తగ్గింది, ఈ ఏడు అదే మడిలో మినుములో ఊద చేత్తో పీకేంత మాత్రమే మొలిచింది.

మా అల్లుడు ఆదిలాబాద్ వైపు సోయా వేస్తాడు, అక్కడ కూడా ఇంతేనా?

అక్కడ ఇమజితాపిర్ ఎక్కువ, సోయాలో ఎకరానికి 400 మి.లీ. దాకా వాడతారు, దానికి తోడు మళ్ళీ ఫాప్‌లే. గ్రూపులు మనవే. కానీ వాళ్ళకి ఒక వరం ఉంది, సోయా సాళ్ళలో వేస్తారు, గుంటక తోలొచ్చు. విత్తేముందు తొలకరికి మొలిచిన కలుపుని ఒకసారి గుంటకతో చంపి తర్వాత విత్తితే, మందు ఏదైనా సగం భారం తగ్గుతుంది. మొదటి నెల నెలన్నర చేను శుభ్రంగా ఉంటే తర్వాత సోయా ఆకే కలుపుని తొక్కేస్తుంది. సోయా కోశాక ఎడ్లు, ఆవులు చేలో తిరుగుతాయి కాబట్టి పైన పేడ గురించి రాసిందంతా వాళ్ళకీ వర్తిస్తుంది.

అమెరికాలో 1996 నుంచి గ్లైఫోసేట్ తట్టుకునే సోయా వేశారు, ఆ ఒక్క మందే ఏళ్ళ తరబడి కొట్టారు, ఇప్పుడు తోటకూర జాతి కలుపు ఒకటి దానికి చావడం లేదు. ఒక్కో మొక్క లక్షల గింజలు రాలుస్తుంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో కొన్నిచోట్లకి ఆ గింజ ఎలా చేరిందంటే, దక్షిణాది నుంచి పాడి ఆవుల దాణాకి తెచ్చిన పత్తి గింజల్లో కలిసి వచ్చి, పేడతో పొలంలోకి వెళ్ళింది. బ్రెజిల్‌లో మాత్రం సోయా తర్వాత గడ్డి పెంచి పశువుల్ని మేపి, మిగిలిన గడ్డి దుప్పటిలా నేల మీద ఉండగానే మళ్ళీ సోయా విత్తుతారు. ఆ కప్పు కింద కలుపు లేవదు. మన జనుము మడి చేసే పనీ అదే.

గ్లైఫోసేట్ కొట్టేస్తే పోదా?

నిలబడ్డ మినుములో కొడితే మినుమే పోతుంది. గ్లైఫోసేట్‌ని లైసెన్సున్న పురుగుమందు ఆపరేటర్లు తప్ప మిగతావాళ్ళు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. గట్ల మీద దొంగచాటుగా కొడుతున్నవాళ్ళు అక్కడ దానికి చావని గడ్డిని పెంచుకుంటున్నారు, ఆ గింజ రాలేది పొలంలోకే.

కూలీలు దొరకడం లేదు, చేత్తో పీకడం అయ్యే పనేనా?

నాలుగెకరాలు పీకమనడం లేదు. మందు కొట్టిన మూడు వారాలకి చేనంతా ఒకసారి నడవండి, చావకుండా మిగిలినవి ఎక్కడెక్కడ ఉన్నాయో కర్రలు పాతండి. మొదటి ఏడు అవి పాతిక ముప్పై మొక్కలు ఉంటాయి, ఇద్దరు మనుషులు ఒక పూటలో పీకేస్తారు. కోత మిషన్ కూడా గుర్తుపెట్టుకోండి: పక్క ఊరి పొలం నుంచి మీ పొలంలోకి దిగేముందు మిషన్‌ని గట్టు మీద ఆపి దులిపించండి. డ్రైవరు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

పుస్తకంలో ఏం రాసుకోవాలి?

ఎక్కువ అక్కర్లేదు. మడి పేరు, తేదీ, పంట, మందు అసలు పేరు, గ్రూపు నంబరు, ఏం మిగిలింది. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

తూర్పు మడి. ఆగస్టు 9, వరి, ప్రెటిలాక్లోర్, 15వ గ్రూపు. సెప్టెంబరు, చేత్తో తీయించాం. డిసెంబరు 2, మినుము, పెండిమిథాలిన్ ఇసుకతో, 3వ గ్రూపు. డిసెంబరు 22, ఏమీ కొట్టలేదు, ఊద పలచగా ఉంది. జనవరి 5, కర్రలు పదకొండు. జనవరి 6, పీకాం. మార్చి 8, గేదెలు దిగాయి.